సీరియల్ షాట్‌లో వెనకాల కనిపించే కార్లలో ఏవి జాబితాకెక్కాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనభైల నాటి దూరదర్శన్ సీరియళ్లు, తొంభైల తర్వాతి తెలుగు సీరియళ్లు చూస్తూ వాటిలోని కార్ల జాబితా రాస్తున్నారు. పాత్రలు ఎక్కి దిగే కార్లతో ఇబ్బంది లేదు. రోడ్డు షాట్ వచ్చిందంటే మాత్రం వెనకాల పదీ పన్నెండు అంబాసిడర్లు, ఫియట్లు, మారుతీలు వచ్చేస్తున్నాయి. అన్నీ రాస్తే జాబితా వాటితోనే నిండిపోతోంది. వదిలేస్తే పనికొచ్చేది ఏదైనా పోతుందేమోనని బెంగ.

సూటిగా చెప్తాను. రెండు ప్రశ్నలకూ అవునని జవాబొచ్చిన కారునే విడిగా రాయండి. ఆ ఫ్రేము చూపించి ఇది ఫలానా మోడలేనని ఇంకొకరిని ఒప్పించగలరా? ఆ కారును రాస్తే సీరియల్ గురించో, షూటింగ్ జరిగిన ఊరి గురించో, ఆ కాలం గురించో, ఆ కారు గురించో కొత్తగా ఒక్క ముక్కైనా తెలుస్తుందా? మొదటిదానికి కాదని తేలితే రెండోది అడగక్కర్లేదు. రెండూ దాటని కార్లన్నిటినీ సీనుకొక వరుసగా కలిపి రాసేయండి. ఇలాగ:

«4వ ఎపిసోడ్, 06:12–06:31, బస్టాండు ముందు: అంబాసిడర్ 5, ఫియట్ 3, మారుతి 800 రెండు, మెటడోర్ 1, పోల్చుకోలేనివి 4.»

ఈ కలిపి రాసిన వరుసను చిన్నచూపు చూడకండి. 1985 నాటి వీధిలో అంబాసిడర్లెన్ని, మారుతీలెన్ని, 1995 నాటి వీధిలో ఎన్ని అన్నది వరసగా పది సీరియళ్ల మీద లెక్క దొరికితే అది విడివిడి ఎంట్రీలకన్నా ఎక్కువ చెప్తుంది. అందుకే అంకెలు వేయమంటున్నాను. «చాలా అంబాసిడర్లు» అని రాస్తే అది దేనికీ పనికిరాదు.

ఇక మొదటి ప్రశ్న, పోల్చుకోవడం. పాత సీరియళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన టీవీ ప్రసారం పాల్ పద్ధతిలో నడిచింది: తెర మీద కనిపించేవి 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమూ రెండు ఫీల్డులు, అంటే గీత విడిచి గీతగా ఉండే రెండు సగం బొమ్మలు. ఇంటర్నెట్‌లో దొరికే కాపీలు అంతకన్నా తక్కువ నాణ్యతవే ఎక్కువ. నేను పాటించే కొలత చెప్తాను. పక్కనుంచి కనిపించే కారు పొడవు 100 పిక్సెళ్లన్నా ఉంటే మోడల్ రాయొచ్చు. ఎదురుగా కనిపించే కారు ముఖం 60 పిక్సెళ్ల వెడల్పన్నా ఉంటే గ్రిల్ (ముందువైపు జాలీ) చూసి అంబాసిడర్‌లో ఏ మార్కో, అంటే ఏ దఫా మోడలో చెప్పే ప్రయత్నం చేయొచ్చు. అంతకు దిగువనైతే «అంబాసిడర్» దగ్గరే ఆగిపోవాలి.

స్క్రీన్‌షాట్ తీసేముందు చేయాల్సిన పని ఒకటుంది. చక్రం గుండ్రంగా ఉందో లేదో చూడండి. పాత 4:3 బొమ్మను 16:9కి సాగదీసి ఎక్కించిన కాపీలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ప్రతి కారూ ఉన్నదానికన్నా పొడవుగా, పొట్టిగా కనిపిస్తుంది. ఫియట్‌ను కాంటెస్సా అనుకోవడం, మారుతి 800ను జెన్ అనుకోవడం ఎక్కువగా ఈ కాపీల వల్లే. పక్కనుంచి కనిపించే కారు ఒకదాన్ని పట్టుకుని చక్రం అడ్డం, నిలువు కొలవండి. అడ్డం నిలువుకు 1.33 రెట్లుంటే బొమ్మ సాగింది, వెడల్పును 75 శాతానికి తగ్గించండి. డీవీడీ నుంచి 720×576 ఫ్రేము నేరుగా తీస్తే దీనికి ఉల్టా: చక్రం కాస్త సన్నగా, నిలువుగా వస్తుంది. దాన్ని 768×576 చేస్తే సరిపోతుంది.

కదిలే కారైతే ఫ్రేమును ఆపగానే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తాయి. రెండు ఫీల్డులు ఒకదానిమీదొకటి పడడమే కారణం. ఫైలు ఇంకా ఇంటర్‌లేస్‌డ్‌గానే ఉంటే, అంటే ఫీల్డులు విడిగానే ఉంటే, వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్ ఫిల్టరును మోడ్ 1లో పెట్టండి, ఫీల్డుకొక ఫ్రేము చొప్పున సెకనుకు 50 వస్తాయి. నంబర్ ప్లేటు ఒక ఫీల్డులో అలుక్కుపోయినా పక్క ఫీల్డులో తేలే అవకాశముంది. ఎవరో ముందే సరిచేసి ఎక్కించిన కాపీలో ఆ రెండు ఫీల్డులూ కలిసిపోయి ఉంటాయి, ఇక విడదీయలేం. అలాంటిచోట వేరే కాపీ వెతకడమే దారి.

అంబాసిడర్ మార్కుల విషయంలో తొందరపడకండి. వీటిని గుర్తుపట్టడానికి గ్రిల్ కన్నా ఇండికేటర్లు నమ్మదగ్గవి. మార్క్ 2లో గళ్ల గ్రిల్, చిన్న లైట్లు గ్రిల్‌లోనే కలిసి ఉంటాయి. 1975లో వచ్చిన మార్క్ 3కి అడ్డపట్టీల గ్రిల్, హెడ్‌లైట్ల కింద విడిగా గుండ్రటి ఇండికేటర్లు. 1979 నాటి మార్క్ 4లో మళ్లీ గళ్లొచ్చాయి, అయితే చిన్న గళ్లు, ఇండికేటర్లు చదరంగా విడిగా. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ కారు సామాన్లు ఒక మార్కువి ఇంకో మార్కుకు పట్టేస్తాయి. మార్క్ 2 యజమాని బంపర్ గుద్దుకుంటే మెకానిక్ షెడ్డులో ఏ గ్రిల్ దొరికితే అది బిగించేవాడు. ట్యాక్సీలైతే చెప్పక్కర్లేదు. అందుకని «1977 మోడల్» అని రాయకండి, «మార్క్ 3 ముఖం» అని రాయండి. కనిపించినదాన్ని మాత్రమే రాశారు కాబట్టి రేపు ఎవరూ దాన్ని తప్పుపట్టలేరు.

ఫియట్‌ది ఇంకో తిరకాసు. మనవాళ్లు ఫియట్ అనే కారు కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారీ. 1100 డిగా మొదలై, ప్రెసిడెంట్ అయి, 1974 నుంచి పద్మిని పేరుతో నడిచింది. దూరం నుంచి ఇవన్నీ ఒకటే. «ఫియట్ 1100 డి లేదా పద్మిని» అని రెండూ రాయడమే నిజాయితీ. అంతకుముందు తరం 1100ల్లో ముందు తలుపు కీలు వెనకవైపుండి, తలుపు ఎదురు దిక్కుకు తెరుచుకునే బళ్లున్నాయి. ఎవరైనా దిగుతున్న షాట్‌లో అది కనబడితే మాత్రం వెంటనే విడిగా రాయండి. అలాగే మారుతి 1000, ఎస్టీమ్ రెంటిదీ ఒకటే బాడీ. పక్కనుంచి చూసి తేల్చే ప్రయత్నం మానండి.

రెండో ప్రశ్నకు వద్దాం. రాయదగ్గ కారు అనిపించుకోవడానికి నేను చూసే కారణాలు నాలుగైదున్నాయి. ఒక్కటున్నా చాలు.

కథ ఆ కారును తాకడం. పాత్ర దానికి ఆనుకుని మాట్లాడినా, దాని వెనక దాక్కున్నా, అది అడ్డొచ్చి ఇంకో బండి ఆగినా అది బ్యాక్‌గ్రౌండ్ కారు కాదు. ఎంత మామూలు మోడలైనా రాయాలి. సంభాషణ జరుగుతున్నంతసేపూ భుజం వెనకాల ఫోకస్‌లో నిలబడ్డ కారును కూడా ఇందులోనే వేస్తాను. ప్రేక్షకుడు దాన్ని చూడకుండా ఉండలేడు కాబట్టి.

అరుదు. దీన్ని ఇవాళ్టి లెక్కన తీసుకోకండి. ఇప్పుడు రోడ్డు మీద అంబాసిడర్ కనబడితే తలతిప్పి చూస్తాం, 1986 సీరియల్‌లో దానికంత విలువ లేదు. మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబర్ 14న యజమాని చేతికొచ్చింది. కాబట్టి 1984లో ప్రసారమైన సీరియల్ వీధిలో ఒక్క మారుతి ఆగి ఉన్నా అది రాయాల్సిందే. పైగా 1986లో ఆ కారు బాడీ మారింది. అంతకుముందుది పలకలుగా పెట్టెలాగా ఉంటుంది, తర్వాతిది మూలలు గుండ్రపడి ఉంటుంది. ఆ మొదటి బాడీ తొంభైల సీరియళ్లలో కనబడినా నేను విడిగానే రాస్తాను. 1992 నాటి సీరియల్‌లో రెండో బాడీ మారుతి కలిపి రాసే వరుసలోకే.

ఏ కాలంలో కనబడినా వదలకూడనివి కొన్నున్నాయి. మద్రాసు స్టాండర్డ్ వాళ్ల బళ్లు: నాలుగు తలుపుల హెరాల్డ్ మార్క్ 3 (మన దేశంలో తప్ప ఎక్కడా లేదు), డెబ్బైల గాజెల్, రోవర్ ఎస్‌డీ1 బాడీతో 1985 నుంచి 88 వరకే వచ్చిన స్టాండర్డ్ 2000. బెంగళూరు సిపానీ వారి ఫైబర్ బాడీ డాల్ఫిన్. తొంభైల మధ్యలో కాసేపు మెరిసి మాయమైన ప్యూజో 309. అంబాసిడర్‌కు ముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్‌ను చాలామంది అంబాసిడర్ కిందే జమకడతారు. వెనక భాగం చూడండి, అంబాసిడర్‌కు వెనక ఫెండర్ల చివర చిన్న రెక్కల్లాంటి ఎత్తులుంటాయి, ల్యాండ్‌మాస్టర్‌కు అవి లేవు.

మీ జాబితా కార్లకే పరిమితమైనా హైదరాబాద్ షాట్లలో ఒక మినహాయింపు పెట్టుకోమని నా మనవి. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు, ఆల్విన్ పుష్పక్ స్కూటర్లు, ఆర్టీసీ డబుల్ డెక్కర్లు కనబడితే రాయండి. మన ఊళ్లో తయారై మన వీధుల్లో తిరిగిన బళ్లకు కదిలే బొమ్మలు చాలా కొద్దిగా మిగిలాయి. సీరియల్ తీసినవాళ్లకు అవి అడ్డం మాత్రమే కావచ్చు, మనకు ఆధారం.

తేదీ, చోటు చెప్పే కారు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బ్యాక్‌గ్రౌండ్ కార్ల అసలు ప్రయోజనం ఇదే. షాట్ ఎప్పుడు తీశారో తేల్చాలంటే ఫ్రేములో అన్నిటికన్నా కొత్త బండిని పట్టుకోవాలి. పాతవాటితో ఏమీ తేలదు, అవి ఎన్నాళ్లయినా తిరుగుతాయి. వీధిలో శాంట్రో ఉందంటే ఆ షాట్ 1998 చివరికి ముందుది కాదు. ఇన్నోవా ఉందంటే 2005కు ముందుది కాదు. అయితే అది «అప్పటికి ముందు కాదు» అని చెప్తుందే తప్ప «అప్పుడే» అని చెప్పదు. ఆ తేడా ఎంట్రీలో కూడా ఉండాలి.

సీరియళ్లలో ఊరిని చూపించే షాట్లు ఎక్కువగా దాచుకుని మళ్లీమళ్లీ వాడినవి. 2006లో ప్రసారమైన ఎపిసోడ్ మొదట్లో వచ్చే ట్యాంక్‌బండ్ షాట్ పదేళ్ల కిందటిది కావచ్చు. ఆ షాట్‌లో పెద్ద రోడ్డంతా అంబాసిడర్లు, ఫియట్లే ఉండి, తర్వాతి షాట్‌లో పాత్రలు నడిచే వీధి అంతా ఇండికాలు, శాంట్రోలు ఉంటే అనుమానించండి. అలాంటి షాట్‌ను «పాత షాట్ కావచ్చు» అని గుర్తుపెట్టి రాయండి, ఆ కార్లను సీరియల్ కార్లతో కలపకండి.

నంబర్ ప్లేటు రంగు కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. 2000ల మొదట్లో రూలు మారేవరకు సొంత కార్లకు నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీలకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. తర్వాతే సొంత బండికి తెలుపు, ట్యాక్సీకి పసుపు వచ్చాయి. కాబట్టి 1993 సీరియల్‌లో తెల్ల ప్లేటు అంబాసిడర్ కనిపిస్తే అది కిరాయి బండి. హీరోయిన్ తండ్రి «సొంత కారు»కు తెల్ల ప్లేటుందంటే ప్రొడక్షన్ వాళ్లు ట్యాక్సీ తెచ్చి పెట్టారన్నమాట, ఆ ముక్క తప్పకుండా రాయండి.

ప్లేటు మీద అక్షరాలు కూడా అంతే. 1989 జూలై 1 నుంచి రాష్ట్రానికి రెండక్షరాలు, తర్వాత జిల్లా అంకె పద్ధతి వచ్చింది. పాత ప్లేట్లలో ఏపీ 9 నుంచి 13 వరకు హైదరాబాద్, ఏపీ 16 కృష్ణా, ఏపీ 31 విశాఖ. కథ ఏదో పల్లెటూరిదని చెప్పినా వెనకాల ఆగిన బళ్లలో అరడజను ఏపీ 31 ఉంటే షూటింగ్ విశాఖ చుట్టుపక్కలే జరిగి ఉండాలి. దీనికి పాత్రల కార్లు పనికిరావు, అవి హైదరాబాద్ నుంచి యూనిట్‌తోపాటే వస్తాయి. వెనకాల యథాలాపంగా ఆగినవే సాక్ష్యం. ఒక్క బండి చాలదు, నాలుగైదు కలవాలి. టీఎస్ ప్లేటు 2014 జూన్‌కు ముందు లేదు, టీజీ 2024లో వచ్చింది. కానీ హైదరాబాద్‌లో ఏపీ ప్లేటు చూసి 2014కు ముందు షాటని రాయకండి, ఆ బళ్లు ఇప్పటికీ అదే ప్లేటుతో తిరుగుతున్నాయి.

అంకె తర్వాత వచ్చే అక్షరం చూడడం అలవాటు చేసుకోండి. జెడ్ ఆర్టీసీ బస్సులది, పీ పోలీసులది. సీరియల్ పోలీసు జీపుకు పీ లేకపోతే అది అద్దె జీపుకు స్టిక్కర్ అంటించినది. పీ ఉంటే నిజమైన పోలీసు బండి దారినపోతూ ఫ్రేములో పడిందేమో ఆలోచించాలి.

కాలానికి పొసగని కారు. 1980లో జరిగే కథ వెనకాల స్విఫ్ట్ వెళ్తే అది ఎంత చిన్నగా, ఎంత మసకగా ఉన్నా రాస్తాను. ఇది ఒక్కటే నా పిక్సెల్ కొలతకు మినహాయింపు, ఎందుకంటే అక్కడ మోడల్ కచ్చితంగా తేలకపోయినా «2000ల తర్వాతి హ్యాచ్‌బ్యాక్» అన్నా చాలు.

మళ్లీమళ్లీ వచ్చే కారు. వేర్వేరు ఎపిసోడ్లలో, వేర్వేరు వీధుల్లో ఒకే ప్లేటు, ఒకే సొట్ట, ఒకే వీల్ కప్పు పోయిన చక్రం కనబడితే అది యూనిట్ బండి. స్టూడియో వీధి సెట్లలో ఇది మామూలే, అవే నాలుగు కార్లను జరిపి నిలబెడతారు. రెండోసారి కనబడినప్పుడు వెనక్కెళ్లి మొదటి ఎపిసోడ్ కూడా చేర్చండి.

డైలీ సీరియళ్లకు పద్ధతి మార్చుకోవాలి. అక్కడ వందల ఎపిసోడ్లు ఇంట్లోనే నడుస్తాయి, కారు బంగళా గేట్లోంచి లోపలికొచ్చే షాట్ ఒకటే తీసి నెలల తరబడి అతికిస్తుంటారు. దాన్ని ప్రతిసారీ రాయకండి. మొదటి ఎపిసోడ్ నంబర్ వేసి «ఇదే షాట్ పునరావృతం» అనండి. కారు మారినప్పుడు, లేదా గేట్లోకి ఇన్నోవా వచ్చి పోర్టికోలో ఎర్టిగాలోంచి దిగినప్పుడు మాత్రం మళ్లీ రాయండి.

పని క్రమం గురించి క్లుప్తంగా. మొదటిసారి మామూలు వేగంతో చూస్తూ టైము మాత్రమే గుర్తుపెట్టుకోండి, ఆపకండి. ఆపడం మొదలుపెడితే ప్రతి కారూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. మామూలు వేగంలో మీ కంటికి ఆనని కారు ప్రేక్షకుడికీ ఆనదు. రెండోసారి గుర్తుపెట్టిన చోట్ల ఆగి, వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ఇంగ్లిషు ‘ఇ’ మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే జరపండి. ఎంట్రీలో నిమిషం, సెకనుతోపాటు అంతకు ముందు వినిపించిన డైలాగులో రెండు మూడు మాటలు కూడా రాయండి. ఒక్కో కాపీలో ప్రకటనలు, టైటిళ్లు వేర్వేరుచోట్ల కోసేసి ఉంటాయి కాబట్టి టైము ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇంకొకరికి ఆ షాట్ దొరకదు. స్టీరింగ్ ఎడమవైపు కనబడితే విదేశీ కారని సంబరపడకముందు షాపు బోర్డులు చదవండి. అక్షరాలు తిరగబడి ఉంటే బొమ్మనే తిప్పేశారు.

మోడల్ తేలని కార్లను బాగా మసకగా ఉంటే లెక్కలో కలిపేయండి. స్పష్టంగా ఉండి మీకు తెలియకపోతే మాత్రం వదలొద్దు, ఊహించి పేరూ పెట్టొద్దు. కనిపించినదాన్ని రాసిపెట్టండి: «రెండు తలుపులు, గుండ్రటి హెడ్‌లైట్లు, డిక్కీ మీద నిలువు లైట్లు, లేత నీలం.» తెలిసినవాళ్లు ఎప్పటికైనా ఆ వివరం పట్టుకుని పేరు చెప్తారు. తప్పు పేరుతో ఉంటే మరోసారి ఎవరూ దాన్ని తెరిచి చూడరు.

చివరిగా ప్లేట్ల గురించి. ఇటీవలి సీరియళ్లలో వెనకాల ఆగిన కార్లు ఎవరివో సొంత బళ్లు. జాబితాలో రాష్ట్రం, జిల్లా అంకె, సిరీస్ అక్షరాలు ఉంచి చివరి నాలుగంకెల చోట చుక్కలు పెట్టండి, ఫొటోలో కూడా ఆ నాలుగంకెలు చెరిపేయండి. మీకు కావాల్సిన తేదీ, చోటు మొదటి సగంలోనే ఉంటాయి. ఇప్పటికే రాసినవాటిలో కూడా ఈ సవరణ మొదట చేసి, ఆ తర్వాత మామూలు కార్ల విడి ఎంట్రీలను సీనువారీగా కలపడం మొదలుపెట్టండి. కలిపేటప్పుడు స్క్రీన్‌షాట్లు మాత్రం తీసేయకండి, తర్వాత అనుమానమొస్తే తిరిగి చూసుకోవడానికి అవే ఉంటాయి.